పదేళ్లు ఆగిన ఫియట్, ట్యాంకులో పాత పెట్రోల్, ఇరుక్కుపోయిన వాల్వులు: ఒక కేస్ స్టడీ

షెడ్లో ఏళ్ల తరబడి పడున్న పాత కారుని మళ్ళీ రోడ్డెక్కిద్దాం అనుకున్నప్పుడు అందరి చూపూ బ్యాటరీ మీద, టైర్ల మీద, బ్రేకుల మీద ఉంటుంది. ట్యాంకులో పెట్రోల్ సంగతేంటండీ అని అడిగితే మాత్రం "ఉందండీ కొంచెం, పాతదే, ఫ్రెష్‌ది ఓ ఐదు లీటర్లు కలిపేస్తే సరిపోద్ది" అంటారు. ఈ కేసులో సరిగ్గా అదే చేశారు, బండి స్టార్ట్ కూడా అయ్యింది, అలా స్టార్ట్ అవ్వడం వల్లే ఇంజన్ దెబ్బతింది. పాత పెట్రోల్ అంటే కార్బురేటర్ క్లీనింగ్‌తో పోయే పని అనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఏం జరిగింది, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నది వివరంగా రాస్తున్నా. ఓనర్ గారి పర్మిషన్ తీసుకున్నాను, ఆయన పేరు, ఊరు, బండి నంబరు రాయట్లేదు.

బండి, దాని పరిస్థితి

70ల మొదట్లో రిజిస్టర్ అయిన ఫియట్. అప్పట్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ పేరుతో వచ్చేది, తర్వాత అదే బండి పద్మిని అయ్యింది, మన వాళ్ళకి రెండూ ఫియట్ కారే. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, పుష్ రాడ్లతో (క్యామ్ షాఫ్ట్ కదలికని పైకి చేర్చే కడ్డీలు) నడిచే వాల్వులు, సోలెక్స్ కార్బురేటర్, ఇంజన్ పక్కన క్యామ్ షాఫ్ట్‌తో కొట్టుకునే మెకానికల్ ఫ్యూయల్ పంప్. ఓనర్ గారి నాన్నగారు కొన్న బండి, ఆయన ఆరోగ్యం తగ్గాక బయటికి తీయడం మానేశారు, తర్వాత ఆయన పోయారు, అలా పదేళ్లు దాటిపోయింది. కోస్తా ఊరు, రేకుల షెడ్డు. పగలు రేకుల వేడికి ట్యాంకులో ఆవిరి పెరిగి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, మన కోస్తాలో ఆ గాలి నిండా తేమే, ఆ తేమ లోపలి గోడల మీద చెమటపట్టి కిందకి దిగుతుంది. ఇది రోజూ జరిగేదే, ఏళ్ల తరబడి జరిగితే ఎంతవుతుందో ఆలోచించండి.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్ల రూల్స్ తెచ్చింది కదా, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటే వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఓనర్ గారికి ఆ ఆలోచన ఉంది, అందుకే ఇంజన్ మార్చేద్దాం, వేరే కార్బురేటర్ పెడదాం లాంటి షార్ట్‌కట్లు మొదటి నుంచీ వద్దన్నారు. నాకూ అదే ఇష్టం.

మా దగ్గరికి రాకముందు

పండక్కి ఊరొచ్చినప్పుడు తెలిసిన మెకానిక్‌ని పిలిపించారు. కొత్త బ్యాటరీ, ప్లగ్గులు క్లీనింగ్, ట్యాంకులో ఫ్రెష్ పెట్రోల్ ఐదు లీటర్లు, కార్బురేటర్ నోట్లో కొంచెం పోసి సెల్ఫ్ కొట్టారు, కాసేపటికి అందుకుంది. పొగ, ఒక రకమైన ఘాటు వాసన, అయినా తిరిగింది, వీధిలో రెండు రౌండ్లు కూడా వేశారు, ఇంట్లో అందరూ వీడియోలు తీసుకున్నారు. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమని శబ్దం, ఇంజన్ రెండు సిలిండర్ల మీద వణుక్కుంటూ తిరిగి ఆగిపోయింది. కరెంటు ప్రాబ్లం అనుకుని పాయింట్లు, కాయిల్ మార్చారు, ఆఖర్న టోచన్ కట్టి గేర్లో వేసి లాగారు. ఏ మెకానిక్ అయినా నిన్న నడిచిన బండిని ఇంజన్ లోపల పాడయ్యిందని వెంటనే అనుకోడు కాబట్టి ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ టోచన్‌తో నష్టం ఇంకా పెరిగింది.

మొదటి నిర్ణయం: సెల్ఫ్ ముట్టుకోకూడదు

ఓనర్ గారు ఫోన్లో చెప్పింది విన్నప్పుడు నన్ను ఆపింది ఒక్క మాట, "నిన్న బాగానే తిరిగిందండీ, చల్లారాకే ఇలా అయ్యింది". వేడిగా ఉన్నప్పుడు బాగుండి చల్లారాక పాడయ్యే జబ్బులు తక్కువ. కరెంటు వైపు కాయిల్ అయితే దీనికి రివర్స్‌లో ఉంటుంది, వేడెక్కితే పోతుంది, చల్లారితే వస్తుంది. అందుకే బండిని వేరే బండి మీద ఎక్కించి తెమ్మన్నాను, ఎవర్నీ తాళం తిప్పొద్దని చెప్పాను.

వచ్చాక ముందు ఆయిల్ స్టిక్ తీశాం. ఆయిల్ లెవెల్ పై గీత దాటి ఉంది, వాసన చూస్తే పెట్రోల్. పదేళ్లు ఆగిన బండిలో ఆయిల్ దానంతటది పెరగదు కదా, ఫ్యూయల్ పంప్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) గట్టిపడి చిట్లితే పెట్రోల్ నేరుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అలాంటి పల్చటి ఆయిల్‌తో ఇంజన్ తిప్పితే బేరింగులకి ప్రమాదం, సో ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చాకే ఏదైనా అనుకున్నాం. ప్లగ్గులన్నీ తీసి, సిలిండర్లలో కొంచెం కొంచెం ఆయిల్ వేసి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాం. హ్యాండిల్‌తో తిప్పితే ఏదైనా అడ్డుపడితే చేతికి తెలుస్తుంది, అక్కడితో ఆపేయొచ్చు, సెల్ఫ్ మోటార్‌కి ఆ తెలివి ఉండదు.

సిలిండర్లో గాలి ఎంత నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజ్ పెడితే 1, 4 సిలిండర్లు పర్లేదు, 2లో అసలు లేదు, 3లో ఉండీ లేనట్టు ఉంది. వాల్వుల పైన ఉండే ట్యాపెట్ కవర్ తీశాం. 2వ సిలిండర్ ఇన్‌లెట్ వాల్వ్ కిందికి దిగి అలాగే ఉండిపోయింది, దాన్ని నొక్కే రాకర్ ఖాళీగా ఊగుతోంది. 3వ సిలిండర్ ఇన్‌లెట్ వాల్వ్ మూసుకున్న చోటే బిగుసుకుపోయింది, దాని పుష్ రాడ్ మధ్యలో వంగిపోయి ఉంది. వాల్వ్ కదలనంటే క్యామ్ ఆగదు, మధ్యలో బలహీనమైనది పుష్ రాడ్డే కాబట్టి అది వంగింది. 3లో గాలే లోపలికి రావట్లేదు, ఇంక కంప్రెషన్ ఎక్కడి నుంచి వస్తుంది. మిగతా రెండు ఇన్‌లెట్లు కదులుతున్నాయి గానీ బద్ధకంగా. ఎగ్జాస్ట్ వాల్వులు నాలుగూ హాయిగా ఆడుతున్నాయి.

ఈ ఒక్క విషయంతో కేసు మొత్తం అర్థమైంది. తుప్పు వల్ల ఇరుక్కుంటే ఎగ్జాస్ట్ వాల్వులు కూడా ఇరుక్కోవాలి, నిజానికి ఆగిన బండ్లలో అవే ముందు ఇరుక్కుంటాయి. ఇన్‌లెట్లు మాత్రమే పోయాయంటే వాటి మీదుగా వెళ్లిన సరుకులోనే దోషం ఉంది, అంటే పెట్రోల్. పాత పెట్రోల్‌లో తేలికైన భాగాలు ముందే ఆవిరైపోతాయి, మిగిలినది గాలిలో ఆక్సిజన్‌తో కలిసి బంక కడుతుంది. ఇంజన్ తిరిగినప్పుడు ఆ బంక వేడి ఇన్‌లెట్ వాల్వ్ కాడ మీద పూతగా పడుతుంది, వేడిగా ఉన్నంతసేపూ మెత్తగా ఉంటుంది కాబట్టి వాల్వ్ ఆడుతూనే ఉంటుంది, ఆపి చల్లారగానే గైడ్‌లో (కాడ ఆడే గొట్టం) గట్టిపడి వాల్వ్‌ని పట్టేస్తుంది. ఎగ్జాస్ట్ కాడ మీదికి పెట్రోల్ రాదు, మండిపోయిన గ్యాసే వస్తుంది. వీధిలో రౌండ్లు వేసినంతసేపూ ఇన్‌లెట్ కాడల మీద పూత పడుతూనే ఉందన్నమాట.

హెడ్ దింపకుండా చేసిన ప్రయత్నం

హెడ్ (వాల్వులు ఉండే ఇంజన్ పై భాగం) దింపడం అంటే ప్యాకింగ్, పని, ఖర్చు, యాభై ఏళ్ల నాటి స్టడ్లు విరిగే భయం, పైగా ఇది అల్యూమినియం హెడ్. అందుకే ముందు పైనుంచే విడిపించాలని చూశాం. 2వ సిలిండర్‌కి ప్లగ్ హోల్లోంచి కాటన్ తాడు లోపలికి దూర్చి, కొస బయట ఉంచి, హ్యాండిల్‌తో పిస్టన్‌ని నెమ్మదిగా పైకి తెచ్చాం, ఆ తాడు ముద్ద వాల్వ్‌ని మెల్లగా పైకి నెట్టి మూసేసింది. 3వ దానికి స్ప్రింగ్ పక్క నుంచి కాడ మీద అసిటోన్ చుక్కలు వేసి, నానబెట్టి, ఇత్తడి కడ్డీతో పైనుంచి తడుతూ కదిలించాం. రెండూ కదిలాయి.

కానీ నిలబడలేదు. కిందికి నొక్కి వదిలితే 2వ వాల్వ్ స్ప్రింగ్ బలంతో టక్కున పైకి రావట్లేదు, తాపీగా వస్తోంది. అసిటోన్ ఆరాక మళ్ళీ పట్టేసింది. బంక కాడ మీదే కాదు, గైడ్ లోపలి గోడకి కూడా ఉంది, పైనుంచి చుక్కలు వేస్తే అక్కడిదాకా సరిగ్గా చేరదు. ఈ స్థితిలో కొత్త పుష్ రాడ్ వేసి స్టార్ట్ చేస్తే ఓ వారం నడిచి మళ్ళీ వంగుతుంది, ఈసారి పిస్టన్ కూడా తగలొచ్చు. సో ఓనర్ గారికి ఫోన్ చేసి "సార్, హెడ్ దింపాలండి, వేరే దారి లేదు" అని చెప్పాను, ఫోటోలు పంపాను, ఒప్పుకున్నారు. స్టడ్లకి రెండు మూడు రోజులు పెనిట్రేటింగ్ ఆయిల్ పట్టించి, కొంచెం వేడిచేసి తీశాం, ఏదీ విరగలేదు.

తీసిన ఇన్‌లెట్ వాల్వులు చూస్తే కాడ చుట్టూ ముదురు గోధుమ రంగు పూత, గోరుతో గీకితే రాదు, పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడిచినా రాదు, అసిటోన్ గుడ్డ పెట్టగానే గుడ్డకి రంగు అంటుకుని కింద తెల్లటి లోహం బయటపడింది. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఫ్రెష్ పెట్రోల్ కలిపితే పాత బంక కరిగిపోతుందనే నమ్మకం ఎంత తప్పో ఇక్కడే కనబడుతుంది. 2వ వాల్వ్‌ని అద్దం మీద దొర్లిస్తే కొద్దిగా వంకర ఉంది, మార్చేశాం. గైడ్లన్నీ అసిటోన్, బ్రష్‌తో శుభ్రం చేసి, వాల్వ్ గ్రైండింగ్ చేసి, వంగిన రాడ్ మార్చి, మిగతా రాడ్లు కూడా అద్దం మీద దొర్లించి చూసి వేశాం.

ట్యాంకు

ఇంజన్ బాగుచేసి అదే ట్యాంకుకి కలిపితే మళ్ళీ మొదటికే వస్తాం. ట్యాంకులోంచి తీసిన పెట్రోల్ చిక్కటి డికాషన్ రంగులో ఉంది, వాసన పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే పుల్లటి ఘాటు. గాజు సీసాలో పోసి ఓ రాత్రి కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనబడింది, మురికి నీళ్లు. ఓనర్ గారికి చూపించడానికి ఆరుబయట రెండు గాజు మూతల్లో ఒకదాంట్లో ఫ్రెష్ పెట్రోల్, ఒకదాంట్లో ఇది, చెంచాడు చెంచాడు పోసి ఆరనిచ్చాం. ఫ్రెష్‌ది దాదాపు ఏమీ మిగలకుండా ఆరింది, రెండోది వేలికి అంటుకునే గోధుమ రంగు ముద్ద వదిలింది. ఎవరికైనా డౌట్ ఉంటే ఈ టెస్ట్ చేసుకోండి, చుట్టుపక్కల నిప్పు, సిగరెట్, స్విచ్ ఏదీ లేకుండా చూసుకుని.

కలిపిన ఐదు లీటర్ల ఫ్రెష్ పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం వరకు ఇథనాల్. ఇథనాల్‌కి రెండు గుణాలు, నీటిని పట్టుకుంటుంది, పాత పూతల్ని పెట్రోల్ కంటే బాగా కదిలిస్తుంది. పదేళ్లుగా ట్యాంకు గోడలకి అంటుకుని ఊరికే ఉన్న చెత్తని అది లేపి ముందుకి పంపింది. కరిగించి మాయం చేసేంత శక్తి లేదు, కదిలించే శక్తి ఉంది, పాత బండికి ఇదే ప్రమాదం. కొత్తది పోసిన కొద్దిసేపటికే ఫిల్టర్ జామ్ అవ్వడం చాలా మంది చూసే ఉంటారు, కారణం ఇదే.

కొత్త ట్యాంక్ దొరకదు, స్క్రాప్‌లో దొరికేవి ఇదే స్థితిలో ఉంటాయి. సో ఉన్నదాన్నే బతికించాలి. కంకర, గొలుసు వేసి ఊపడం మన దగ్గర మామూలే, నేను ఒప్పుకోలేదు, లోపల అడ్డు ప్లేట్లు ఉంటాయి, గొలుసు వాటి వెనక్కి వెళ్లదు, వెళ్తే రాదు. ఛార్జర్ పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి మంచిదే కానీ అది కడ్డీకి ఎదురుగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది, ప్లేట్ల చాటున ఉన్న తుప్పు అలాగే ఉంటుంది. అందుకే ద్రవాలతోనే వెళ్లాలనుకున్నాం, అక్కడ వరస ముఖ్యం. ముందు బంక, తర్వాత తుప్పు. బంక పూత కింద ఉన్న తుప్పుకి యాసిడ్ తగలదు, తిరగేసి చేస్తే రెండూ మిగులుతాయి.

ఆరుబయట, నీడలో, కొంచెం అసిటోన్ పోసి నాలుగు వైపులా దొర్లిస్తూ తీశాం, మురికి రంగు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ. తర్వాత వేడినీళ్లలో చాకలి సోడా, కొంచెం డిటర్జెంట్ కలిపి నిండా పోసి ఓ రాత్రి ఉంచాం. నిండా పోయడం ఎందుకంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, పెట్రోల్ ఆవిరి గాలిలో దాదాపు ఒకటిన్నర శాతం ఉంటే చాలు అంటుకోవడానికి, గాలికంటే బరువు కాబట్టి ట్యాంకు అడుగున, నేల మీద పేరుకుని ఉంటుంది. కడిగాక నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), లీటరు నీళ్లకి 50 గ్రాముల పైన, 100 దాటకుండా. ఇది వారాల తరబడి వదిలేసే పని కాదు, పాత ట్యాంకుల లోపల తగరం, సీసం పూత ఉంటుంది, అతుకుల దగ్గర మాటు ఉంటుంది, యాసిడ్ వాటినీ తింటుంది. అందుకే పొద్దునా సాయంత్రం టార్చి వేసి చూసుకుంటూ, బూడిద రంగు లోహం కనబడగానే తీసేసి, వంట సోడా నీళ్లతో కడిగాం.

తుప్పు పోగానే అడుగున ఒక మూల సన్నటి చిల్లులు రెండు బయటపడ్డాయి, అన్నాళ్లూ నీటి పొర నిలబడింది సరిగ్గా అక్కడే. ఇక్కడ వెల్డింగ్ మాట ఎత్తొద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే. రేడియేటర్లు చేసే బాబాయ్ ఒకాయన ఉన్నారు, ఆయన మాటు వేసే చోటు మాత్రం పైకి ఉండేలా వంచి, మిగతాదంతా నీళ్లతో నింపి, దూరంగా కాల్చి తెచ్చిన రాగి ముక్కతో మాటు వేశారు, మంట ట్యాంకు దగ్గరికి రానేలేదు. లోపల సీలర్ కోటింగ్ వేయమని కొందరు సలహా ఇచ్చారు. చిల్లులు రెండే, అవి మూసేశాం, ఇథనాల్‌కి తట్టుకోని కోటింగ్ అయితే తర్వాత పొరలుగా ఊడి మళ్ళీ ఫిల్టర్లోకి వస్తుంది, అందుకే వద్దనుకున్నాం.

కడిగిన ట్యాంకు మన తేమలో నిమిషాల్లో మళ్ళీ ఎర్రబడుతుంది. నీళ్లు తీసిన వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఊపి తీసేసి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టి, కొంచెం టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకి వాడేది) కలిపిన పెట్రోల్ లోపలంతా పట్టించాం. గాలి పెట్టేముందు ఆల్కహాల్ ఆవిరి పోయేలా మూతలు తెరిచి బయట ఉంచాం.

మిగతా దారి

పంప్‌కి కొత్త డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలన్నీ తీసేసి ఇథనాల్‌కి తట్టుకునే ఎఫ్‌కేఎం అనే రబ్బరు లైనింగ్ ఉన్నవి వేశాం, ఇనుప లైన్లో అసిటోన్ పోసి గాలి కొట్టాం. కార్బురేటర్లో ఐడిల్ జెట్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ కొలిచి వదిలే సన్నటి రంధ్రం) పూర్తిగా మూసుకుపోయి ఉంది. జెట్లని అసిటోన్లో నానబెట్టి అల్ట్రాసోనిక్‌లో పెట్టాం, అంతే, వైరుతో పొడవలేదు. ఇత్తడి జెట్ రంధ్రం వైరుతో ఒక గీత పడినా సైజు మారుతుంది, తర్వాత మిక్చర్ ఎంత తిప్పినా కుదరదు. ఇత్తడి ఫ్లోట్‌ని వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూశాం, రాలేదు.

స్టార్ట్ చేయడం, మర్నాడు పొద్దున

మొదటి స్టార్ట్ ట్యాంకు నుంచి చేయలేదు. ఎత్తులో కట్టిన చిన్న డబ్బా నుంచి ఫ్రెష్ పెట్రోల్ నేరుగా కార్బురేటర్‌కి ఇచ్చాం. ఏదైనా తేడా వస్తే అది ఇంజన్‌దా, ట్యాంకుదా అని వెతుక్కోకుండా, ఒకటి తేలాకే రెండోది కలుపుదామని. బాగానే అందుకుంది, ఓనర్ గారు వీడియో కాల్‌లో ఉన్నారు, "అయితే రేపు తీసుకెళ్లొచ్చాండీ" అన్నారు. కుదరదని చెప్పాను. ఈ బండి మొదటిసారి కూడా స్టార్ట్ అయ్యింది కదా.

పూర్తిగా వేడెక్కేదాకా నడిపి ఆపేశాం, రాత్రంతా వదిలేశాం, పొద్దున సెల్ఫ్ కొట్టకుండా ట్యాపెట్ కవర్ తీసి హ్యాండిల్‌తో తిప్పుతూ ఎనిమిది వాల్వులూ పైకీ కిందికీ ఎలా వస్తున్నాయో చూశాం. ఈ కేసులో అసలు పరీక్ష ఇదే. అన్నీ స్ప్రింగ్‌తో పాటే టక్కున వస్తున్నాయి. అప్పుడు ట్యాంకు కలిపి, పంప్ ముందు లోపల కనబడే ఫిల్టర్ ఒకటి పెట్టి, మళ్ళీ నడపడం, చల్లార్చడం, పొద్దున చేత్తో తిప్పి చూడడం, కొన్ని రోజులపాటు ఇదే. ఫిల్టర్లో మొదట్లో కొంచెం ఎర్రటి నలకలు వచ్చాయి, మార్చాం, తర్వాత శుభ్రంగా ఉంది.

తీసిన పాత పెట్రోల్ ఇంకా మా దగ్గరే సీల్ వేసిన డబ్బాల్లో ఉంది, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే లైసెన్స్ ఉన్నవాళ్ళు వచ్చినప్పుడు వాడేసిన ఆయిల్‌తో పాటు, కలపకుండా విడిగా ఇస్తాం. డ్రైనేజీలో, ఖాళీ స్థలంలో పోసేవాళ్ళు ఉన్నారు, పార్టులు కడగడానికి వాడేవాళ్ళూ ఉన్నారు, దయచేసి రెండూ చేయకండి, చేతులకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, బావుల్లోకి దిగితే ఎవరి నీళ్లు పాడవుతాయో తెలీదు.

ఓనర్ గారికి చెప్పింది ఇది. నెలకోసారైనా నిజంగా రోడ్డు మీద వేడెక్కేదాకా నడపాలి, షెడ్లో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు, పైగా తేమ పెరుగుతుంది. రెండు మూడు నెలలు ఆగుతుందనుకుంటే ట్యాంకు నింపి స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా చెడకుండా కలిపే మందు) కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడిపి ఆపాలి, నిండుగా ఉంటే లోపల గాలికి, తేమకి చోటు తక్కువ. అంతకంటే ఎక్కువ కాలం అయితే మొత్తం తీసేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి, ట్యాంకు లోపల ఆయిల్ పట్టించి ఉంచాలి. ఆయన ఏడాదిలో ఎక్కువ భాగం ఊళ్లో ఉండరు కాబట్టి ఈ చివరి పద్ధతే రాసిచ్చాను, పక్కింటి కుర్రాడికి కూడా చూపించాం.

2వ సిలిండర్ గైడ్ మాత్రం కొంచెం లూజుగానే ఉంది, లిమిట్ లోపలే అని మార్చలేదు, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఓ క్షణం నీలం పొగ వస్తుంది. వానాకాలం అయ్యాక ఒకసారి తెమ్మన్నాను, అప్పుడు ట్యాపెట్ కవర్ తీసి మళ్ళీ చూస్తాం, పొగ పెరిగి ఉంటే గైడ్ మారుద్దాం.